దానంతటదే మారే గేరు

కరెంటు సైకిలు కొనాలనుకునేవాళ్లు ఈ మధ్య నన్ను పట్టుకుంటున్నారు. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర పక్కన ఆగిన స్కూటర్లవాళ్లు, మా స్టాఫ్ రూములో కొత్తగా చేరిన లెక్కల మాస్టారు, ఆదివారం ఆరాధన అయ్యాక చెప్పులు వెతుక్కుంటూ మా సంఘంవాళ్లు, అందరిదీ ఒకటే ప్రశ్న. "గేర్లు దానంతటదే మార్చుకుంటుందటగా మేడమ్, అంత అవసరమంటారా?" వీళ్లలో సగంమందికి జవాబు అక్కర్లేదు. అంత ఖరీదు పెట్టినందుకు ఈవిడ ఏడుస్తోందా లేదా చూసి పోదామని వస్తారు. అలాంటివాళ్లకి "అబ్బే, శుద్ధ దండగండీ" అని చెప్పి సంతోషపెట్టి పంపిస్తాను.

నిజంగా అడిగేవాళ్లకి నిజమే చెబుతాను. గేరు మార్చే మీట నొక్కడానికి మీ బొటనవేలు బాగా పనిచేస్తుంటే వద్దు. విజయవాడలో సైకిలు మీద ఎక్కాల్సిన కొండలేం లేవు. ఇక్కణ్ణుంచి సముద్రం దాకా నేలంతా చదునే. ఎక్కడానికి కాలువ వంతెనలూ కరకట్ట మీదికి పోయే దారులూ తప్ప ఇంకేమీ కనబడవు. ఒక గేరులో పెట్టుకుని బయల్దేరితే అదే గేరులో ఇంటికి రావచ్చు. పైగా ఈ ఆటోమేటిక్‌తో చిక్కులు చాలా ఉన్నాయి. గేర్లన్నీ వెనక చక్రం నడిబొడ్డున ఉంటాయి కాబట్టి బరువెక్కువ. పంక్చరైతే ఆ చక్రం ఊడదీయడానికి మా వీధి పంక్చరతను నన్నూ దాన్నీ కలిపి తిడతాడు. అన్నిటికంటే ముఖ్యం, దానికి ముందుచూపు లేదు. వంతెన వస్తోందని మీకు కనిపిస్తుంది, దానికి కనిపించదు. వాలు ఎక్కడం మొదలై, మీ కాళ్లు నెమ్మదించి, మోకాళ్లు మూలిగాక అప్పుడు అది ఆలోచించి తేలిక గేరులోకి దిగుతుంది.

మరి మంచే లేదా అంటే, ఉంది. మామూలు గేర్ల సైకిలు బరువు గేరులో ఆగితే మళ్లీ ఆ బరువులోనే కదలాలి. కరెంటుదైనా సరే, మనం తొక్కి పెడలు తిప్పాకే మోటారు సాయానికొస్తుంది. ఇది అలా కాదు. మీరు బ్రేకు వేసి ఆగేలోపు తేలిక గేరులోకి దిగిపోయి ఉంటుంది. పచ్చ లైటు పడకముందే వెనకవాళ్లు హారన్లు కొట్టే ఊళ్లో అది చిన్న సుఖం కాదు. నాలాగా కుడిచేతి బొటనవేలు చచ్చుబడినవాళ్లకి అసలది సుఖం కిందకి రాదు. అది ఉంటే బయటికి వెళ్తాం, లేకపోతే ఇంట్లో కూర్చుంటాం, అంతే తేడా.

నాకు కీళ్లవాతం. కుడి మణికట్టూ, బొటనవేలూ పొద్దున్నపూట అస్సలు వంగవు. ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. చాక్‌పీసు పిడికిట్లో పట్టుకుని రాస్తాను, పిల్లలకి నా అక్షరాలు అలవాటైపోయాయి. స్కూటీ కొనుక్కోవచ్చుగా అని సలహా ఇచ్చేవాళ్లకి చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. దారి పొడుగునా యాక్సిలరేటరు తిప్పి పట్టుకోవాల్సింది ఆ మణికట్టుతోనే. డాక్టరుగారేమో కాళ్ల కీళ్లు ఆడుతూ ఉండాలి, సైకిలైతే మంచిదమ్మా అన్నారు.

కాలేజీకి ఎలా వెళ్లేదాన్నంటే, మావారు దింపేవారు. ఆయన ప్రభుత్వాఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. రిటైరైన మర్నాటినుంచే నన్ను దింపడం మొదలుపెట్టారు. అంతకుముందు నేను షేర్ ఆటోలో హాయిగా వెళ్లేదాన్ని. "ఆ ఆటోల్లో ఇరుక్కుని పోవడమేంటి, నేను ఖాళీయేగా, దింపుతాను" అన్నారు. మా వైపు ఆడవాళ్లకి ఇంతకుమించిన ప్రేమ లేదు. దింపే మొగుడు, తీసుకొచ్చే మొగుడు. స్టాఫ్ రూములో అందరూ "మీవారెంత మంచివారండీ" అనేవాళ్లు.

ఆ మంచితనం ఎలా ఉండేదో చెబుతాను. నేను జడ వేసుకుంటుండగానే గేటు దగ్గర హారన్ మొదలయ్యేది. దారంతా హెల్మెట్టులోంచి ఉపన్యాసం. కూరలో ఉప్పు దగ్గర మొదలుపెట్టి మా అన్నయ్య పెంపకం దాకా వచ్చేవారు. నన్ను దింపి ఇంటికి వెళ్లేవారా అంటే, అదీ లేదు. కాలేజీ ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర తనలాంటి రిటైరైన మిత్రుల్ని పోగేసుకుని, గేటువైపు మొహం పెట్టి కూర్చునేవారు. నేను ఎవరితో నవ్వుతూ బయటికొచ్చానో సాయంత్రం అడిగేవారు. ఒకసారి మా సీనియర్ మేడమ్ వీడ్కోలు సభ కాస్త ఆలస్యమైతే లోపలికే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. ప్రిన్సిపాల్ ఆయనకి కుర్చీ వేయించారు. ఆ మేడమ్ కళ్లు తుడుచుకుంటూ మాట్లాడుతుంటే మావారు గడియారం చూసుకుంటూ కూర్చున్నారు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

అప్పుడు నాకు ఒకటే కావాలనిపించింది. పటమటలో మా ఇంటి గేటు నుంచి కాలువ వంతెన దాటి కాలేజీ గేటు వరకూ ఉన్న ఆ కాస్త దారీ నాది కావాలి. ఇంట్లో గంటలన్నీ ఆయనవి, కాలేజీలో గంటలన్నీ ప్రిన్సిపాల్‌వి. మధ్యలో ఆ దారి ఒక్కటే ఎవరిదీ కాదు. దానికోసమే గేర్లు దానంతటదే మార్చుకునే కరెంటు సైకిలు కొన్నాను.

కొనేరోజు ఆయన కూడా వచ్చారు, రాకుండా ఎలా ఉంటారు. బెంజ్ సర్కిల్ దగ్గర షాపులో వాదన పెట్టుకున్నారు. "ఈ ఊళ్లో ఏ కొండలెక్కుతావే నువ్వు? గేర్లే దండగ. మళ్లీ అవి వాటంతటవే మారటమా? ఎద్దుకి గొడుగు పట్టినట్టుంది" అన్నారు. షాపులో అందరూ నవ్వారు. నేను పట్టు వదల్లేదు. తీరా బిల్లు రాసేటప్పుడు కౌంటర్లో అమ్మాయి ఫోన్ నంబర్ అడిగితే నా నోటినుంచి ఆయన నంబరు వచ్చేసింది.

అది మా ఇళ్లలో రివాజు. గ్యాస్ బుకింగ్, కరెంటు బిల్లు, నా బ్యాంకు, నా ఆధార్, ఏదైనా సరే ఓటీపీ వచ్చేది ఆయన ఫోనుకే. నా జీతం పడిన మెసేజ్ కూడా ముందు ఆయన చదివి "పడిందే" అని చెబుతారు. చెక్కులమీద సంతకం నాదీ, నంబరు ఆయనదీ. ఆ సైకిలుకి ఫోన్లో ఒక యాప్ ఉంటుందన్నారు. అది కూడా సహజంగానే ఆయన ఫోన్లోకి వెళ్లింది. ఆ యాప్‌లో ఒక గీత. దాని ఎడమ చివర తేలిక, కుడి చివర బరువు. గీతమీద చుక్కని వేలితో ఎటు జరిపితే గేర్లు అటు మొగ్గుతాయి. షాపువాళ్లు నా కాళ్లకి తగ్గట్టు చుక్కని ఎడమవైపుకి జరిపి, ఇక దీన్ని ముట్టుకోనక్కర్లేదన్నారు.

మొదటి నెల్లాళ్లూ నేను బతికాను. చెప్పడానికి సిగ్గెందుకు, అంత సంతోషం నాకు పెళ్లిలో కూడా కలగలేదు. ఫ్లైఓవర్ కింద సిగ్నల్ దగ్గర ఆగితే కాలికింద పెడలు తేలికైపోయేది. వంతెన ఎక్కుతుంటే చక్రంలో చిన్న టిక్కుమన్న చప్పుడై బరువు దిగిపోయేది. వంతెన మీద రోజూ కాసేపు ఆగేదాన్ని, పనేమీ లేకుండా. కాలువలో గుర్రపుడెక్క కొట్టుకుపోవడం చూసేదాన్ని. ఎక్కడున్నావని అడిగేవాళ్లు లేరు.

ఇంట్లో ఆయన మొహం మాడ్చుకుని తిరిగేవారు. కొన్నాళ్లకి ఉన్నట్టుండి మారారు. పొద్దున్నే లేచి పాత బనియను గుడ్డ తీసుకుని వరండాలో నా సైకిలు తుడవడం మొదలుపెట్టారు. హ్యాండిలూ, సీటూ, చువ్వలూ మెరిసేలా తుడిచేవారు. ఒక చేతిలో గుడ్డ, ఒక చేతిలో ఫోను. "ఛార్జింగ్ ఎంతుందో చూస్తున్నా" అనేవారు. వంటింట్లోంచి చూస్తే నా మనసు కరిగిపోయేది. మనిషి ఒప్పుకున్నాడు, పాపం, అనుకున్నాను. ఆ రోజుల్లో ఆయనకి ఇష్టమైన చేపల పులుసు తరచుగా చేశాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే నా కాళ్లు పట్టు తప్పడం మొదలైంది. ముందు వంతెన దగ్గర తెలిసింది. ఎక్కేసరికి ఊపిరందేది కాదు. తర్వాత సిగ్నల్ దగ్గర కదలడం కష్టమైంది. వెనక ఆటోవాడు "అమ్మా, నడిపించుకుపో, పక్కకి పో" అని అరిచేవాడు. ఒకరోజు పెడలు ఎంత తొక్కినా కదలక ఒరిగిపోతే, పక్కనున్న బస్సు కిటికీల్లోంచి ఆడపిల్లలు కిసుక్కున నవ్వారు. అందులో నా దగ్గర టార్కు పాఠం విన్న పిల్ల ఒకతె ఉంది. మర్నాడు క్లాసులో నాకు ఎదురుగా కూర్చోలేక వెనక బెంచీకి మారింది.

సైకిలులో ఏదో లోపం ఉందని ఒక్కసారి కూడా అనుమానం రాలేదు నాకు. యంత్రాల గురించి పాఠాలు చెప్పి పొట్టపోసుకునే మనిషిని. అదే ఇంకొకరు చెప్పి ఉంటే గేరు చూడమనేదాన్ని, బ్రేకు పట్టేసిందేమో చూడమనేదాన్ని. నా విషయంలో మాత్రం నేరుగా నా ఒంటినే అనుమానించాను. రోగం కాళ్లలోకి దిగిందనుకున్నాను. డాక్టరుగారికి అదే చెప్పాను. ఆయన నా మాట నమ్మి మాత్రల డోసు పెంచారు. ఆ మాత్రలకి నోరంతా పూసింది. దువ్వితే జుట్టు కుచ్చులు కుచ్చులుగా దువ్వెనకి వచ్చేది.

మాది ప్రార్థన చేసుకునే ఇల్లు. రోజూ భోజనానికి ముందు ఇద్దరం కూర్చుని ఒక అధ్యాయం చదువుకుని ప్రార్థిస్తాం. ప్రార్థన ఎప్పుడూ ఆయనే చేస్తారు, బిగ్గరగా, పేరుపేరునా. ఆ రోజుల్లో నా మోకాళ్లు ఆ ప్రార్థనలోకి వచ్చాయి. "ప్రభువా, నీ దాసురాలి మోకాళ్లను నీ చేతితో ముట్టు. ఆమె కాళ్లకు బలమివ్వు తండ్రీ" అని ఆయన గొంతు వణికించి ప్రార్థిస్తుంటే నేను ఏడుస్తూ ఆమెన్ అనేదాన్ని. ఆదివారం గుళ్లో ప్రార్థన మనవుల్లో కూడా చెప్పారు. పాస్టరుగారు మైకులో "మన సహోదరి మోకాళ్ల కోసం" అన్నప్పుడల్లా తలలన్నీ నావైపు తిరిగేవి. కొందరు నా మోకాళ్లకేసే చూసేవాళ్లు, అక్కడేదో పుండు ఉన్నట్టు.

చివరికి నా అంతట నేనే అడిగాను, "ఏవండీ, రేపటినుంచి నన్ను దింపుతారా?" అని. ఆయన మొహం వెలిగిపోయింది. "నేను చెప్పలా? ఆ ఆటోమేటిక్కులన్నీ కుర్రాళ్ల సరదాలు. నీకెందుకే ఈ వయసులో" అన్నారు. మర్నాడు పొద్దున్నే గేటు దగ్గర హారన్ మోగింది. టీ కొట్టు దగ్గర మిత్రులు చప్పట్లు కొట్టినంత పని చేశారట. వచ్చే ఏడాదినుంచి కాలేజీ కూడా మానేద్దామనుకుంటున్నానని నేను ప్రిన్సిపాల్‌తో అనేశాను. ఆయన అయ్యో అనలేదు, సరేనమ్మా అన్నారు.

సైకిలు వరండాలో మూల పడి ఉంది. ఉయ్యూరులో ఉండే మా ఆడపడుచు దాన్ని తీసుకెళ్తానంది. చక్కెర ఫ్యాక్టరీ దగ్గర వాళ్లిల్లు. ఆవిడ నాకంటే పెద్దది, ఒళ్లు చేసిన మనిషి, మెట్లెక్కితే ఆయాసపడుతుంది. కోడలు తొక్కుతుందిలే అని, ట్రాలీ ఆటో మాట్లాడుకుని మరీ వచ్చింది. మావారు ఆరోజు సైకిలు ఇంకా శ్రద్ధగా తుడిచారు. గుడ్డ ఒక చేత, ఫోను ఒక చేత. "నువ్వొకసారి తొక్కి చూడవే అక్కా" అన్నారు.

ఆవిడ చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, "నా వల్ల ఏమవుద్దిరా" అని నవ్వుతూ ఎక్కింది. మా వీధి చివర డ్రైనేజీ మీద కట్టిన ఎత్తు కల్వర్టు ఉంది. దానిమీదికి కూడా ఎక్కి, దిగి, ఆ చివరిదాకా పోయి వెనక్కి వచ్చింది. చెమట కూడా పట్టలేదు. గేటు దగ్గర దిగి, చుట్టుపక్కలవాళ్లు వినేలా అంది, "ఇంత తేలిగ్గా ఉంటే దీన్ని తొక్కలేకపోయావా మరదలా? పసిపిల్లలు తొక్కుతారు కదే! నువ్వు మరీ సున్నితం తల్లీ."

ఆవిడ చేతిలోంచి సైకిలు తీసుకుని ఎక్కాను. అదే వీధి, అదే కల్వర్టు, అవే నా కాళ్లు. పెడలు గాల్లో తిరిగినట్టు తిరిగింది. కల్వర్టు ఎక్కుతుంటే టిక్కుమని చప్పుడై తేలికైపోయింది. మొదటి నెలలో ఉన్నట్టే ఉంది. వెనక్కి వస్తూ గేటువైపు చూశాను. మావారు బనియను గుడ్డని ఫోను మీద కప్పి పట్టుకుని నిలబడ్డారు. చూపు నేలమీదుంది.

అంతే, నాకు అర్థమైపోయింది. ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. తన అక్కకి మోకాళ్లు నొప్పి పుట్టకూడదని చుక్కని మళ్లీ తేలిక వైపుకి జరిపాడు మనిషి. అంత ప్రేమ ఉంది ఆయనలో, నాకు తెలియక.

"ఫోనివ్వండి" అన్నాను.

"ఎందుకే?"

"ఇవ్వండి."

ఇవ్వలేదు. గుడ్డని మడత పెడుతూ, "నేనేదో కొంచెం కొంచెం జరిపా. ఒక్కసారిగా ఏం చెయ్యలా" అన్నారు. అదొక మినహాయింపులా చెప్పారు. అసలు నన్ను చంపింది ఆ కొంచెం కొంచెమే. ఒక్కసారిగా జరిపి ఉంటే ఆ రోజే సైకిలుని అనుమానించి ఉండేదాన్ని. రోజుకింత బరువెక్కింది కాబట్టి నేను రోజుకింత చచ్చిపోతున్నాననుకున్నాను.

"ఎందుకు చేశారు?"

ఆయన గుడ్డ మడత విప్పి మళ్లీ మడిచారు. తర్వాత గొంతు తగ్గించి, "నిన్ను దింపటం తప్ప నాకేం పనుందే? పొద్దున లేచి నేనెక్కడికి పోవాలి?" అన్నారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి నిజం నీళ్లే. అందుకే నాకు ఇంకా ఒళ్లు మండింది. తనకి తోచుబడి కాకపోతే నా జుట్టు రాలాలా?

మా ఆడపడుచు మధ్యలోకి వచ్చింది. "ప్రేమకొద్దీ చేశాడులే. నిన్ను వదిలుండలేకేగా? మా ఆయనెప్పుడన్నా నన్ను దింపాడా? అదృష్టవంతురాలివి, పైకి చెప్పుకోకు" అంది. నేను జడ విప్పి ఆవిడకి చూపించాను. ఎలకతోకలా మిగిలిన ఆ జుట్టు చూసి ఆవిడ మొహం తిప్పుకుంది. సైకిలు లేకుండానే ట్రాలీ ఆటో వెనక్కి పోయింది.

నంబరు మార్చాలంటే పాత నంబరుకి ఓటీపీ వస్తుంది. అంటే దానికి కూడా ఆయన్నే అడగాలి. నా ఫోన్లో యాప్ పెట్టుకుని సోఫాలో ఆయన ఎదురుగా కూర్చుని, "చదవండి" అన్నాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఒక్కో అంకే చదివారు, చివరి అంకె దగ్గర కాస్త ఆగారు కూడా. ఆ కాసేపట్లో ఆయన మొహం చూస్తే, ఇక నా దగ్గర తనకి మిగిలింది ఆ ఒక్క అంకే అన్నట్టుంది. మళ్లీ అడిగితే చెప్పారు.

అక్కడితో ఊరుకునేదాన్నేమో. మర్నాటినుంచి సైకిలు మీదే వెళ్లాను. ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లి, మానడం లేదు సార్ అన్నాను. దానికీ సరేనమ్మా అన్నారు. డాక్టరుగారు డోసు తగ్గించారు, రాలిన జుట్టు మాత్రం వెంటనే రాదన్నారు. ఇంట్లో నేను ఒక్క మాట అనలేదు. కానీ మా సంఘంవాళ్లు సైకిలు మీద నన్ను చూశారు. మావారిని అడిగారు. ఆయన ఏం చెప్పారో తెలుసా? ప్రార్థన వల్ల స్వస్థత కలిగిందని చెప్పారు.

గురువారం మా ఇంట్లో కూడిక పెట్టుకున్నాం. మా సంఘంలో వారానికొక ఇంట్లో జరుగుతుంది. హాల్లో చాపలు పరిచి, ఫ్యాన్లు తిప్పి, పెద్దవాళ్లకి కుర్చీలు వేశాం. వాక్యం అయ్యాక సాక్ష్యాలు చెప్పుకుంటారు. జ్వరం తగ్గినవాళ్లూ, ఉద్యోగం వచ్చినవాళ్లూ లేచి నిలబడి దేవుడు చేసిన మేలు చెబుతారు. మధ్యమధ్య అందరూ స్తోత్రం అంటారు. పాస్టరుగారు నావైపు తిరిగి, "అమ్మా, మీ మోకాళ్ల కోసం సంఘమంతా మొరపెట్టింది. మీరు సాక్ష్యం చెప్పాలి" అన్నారు. మావారు కంగారుగా, "ఆమెకి అలవాటు లేదండీ, నేను చెబుతాను" అని లేవబోయారు. "నేనే చెబుతానండీ" అని లేచాను.

"ప్రభువు నామంలో అందరికీ వందనాలు" అన్నాను. "వందనాలు" అన్నారు.

"నా మోకాళ్ల కోసం మీరందరూ ప్రార్థించారు. నా మోకాళ్లు బాగయ్యాయి."

"స్తోత్రం!"

"మందులవల్ల కాదు."

"హల్లెలూయ!"

"మావారు రోజూ పొద్దున్నే నా సైకిలు తుడుస్తూ, ఫోన్లో నొక్కి, గేర్లు బరువుగా మారేట్టు పెట్టేవారు. రోజుకి కొంచెం చొప్పున."

"స్తోత్రం" అంది చెవులు సరిగా వినపడని మామ్మగారొకావిడ. మిగతావాళ్ల నోళ్లు సగంలో ఆగిపోయాయి.

"నన్ను మళ్లీ తానే దింపాలని అలా చేశారు. అలా పెట్టిన రోజు సాయంత్రం నా మోకాళ్ల కోసం ప్రార్థన కూడా చేసేవారు. ఆ సంగతి దేవుడు నాకు బయలుపరిచాడు. ఇప్పుడు ఆ సైకిలుకి ఇచ్చిన ఫోను నంబరు నాది. ఇదే నా సాక్ష్యం. విన్నందుకు వందనాలు" అని కూర్చున్నాను.

పాస్టరుగారు గబగబా కళ్లు మూసుకుని ముగింపు ప్రార్థన మొదలుపెట్టారు. అందులో ప్రయాణాల్లో ఉన్నవాళ్లూ, పరీక్షలు రాస్తున్న పిల్లలూ వచ్చారు కానీ మా ఇల్లు రాలేదు. అందరూ కళ్లు మూసుకున్నారు, నేను మూసుకోలేదు. మావారు తల వంచుకుని చాప అల్లిక కేసి చూస్తున్నారు. చెవులు ఎర్రగా కందిపోయాయి. నాకు తృప్తిగా ఉంది. ఇంతకంటే మంచి మాట దానికి నేను వెతకను.

టీలిచ్చేటప్పుడు వంటింట్లోకి ఒకావిడ వచ్చింది, నాతో ఎప్పుడూ పెద్దగా మాట్లాడని మనిషి. కప్పులు అందుకుంటూ, చుట్టూ చూసి, "మేడమ్, గ్యాస్ బండ నంబరు కూడా మార్చుకోవచ్చాండీ?" అని మెల్లగా అడిగింది. మార్చుకోవచ్చన్నాను. ఓటీపీ ఎవరికి వస్తుందని అడిగింది. పాత నంబరుకేనని చెప్పాను. కప్పులు తీసుకుని హాల్లోకి వెళ్లిపోయింది.

ఇక మావారు టీ కొట్టుకి వెళ్లడం మానేశారు. ఆ మిత్రులకి ఎలా తెలిసిందో తెలిసింది. "ఏం సార్, ఇవాళ ఏ గేరులో ఉన్నారు?" అంటున్నారట. నాలుగు రోజులు ఓర్చుకుని ఐదోరోజు ఇంట్లోనే టీ పెట్టమన్నారు. గుళ్లో కూడా వెనక వరసకి మారారు. పొద్దున్నపూట ఏం చేయాలో తోచక వీధి తలుపు తీయడం, వేయడం చేస్తుంటారు. నాకు జాలి వేయదా అంటే వేస్తుంది. వేసినంత మాత్రాన ఆయన స్కూటరు వెనక ఎక్కి కూర్చోను.

సైకిలు ఇప్పటికీ ఆయనే తుడుస్తారు, ఎవరూ చెప్పకుండానే. గుడ్డ పట్టుకుని వరండాలోకి రాగానే నేను వంటింట్లోంచి, "ఫోను లోపల పెట్టి వెళ్లండి" అంటాను. ఆ ఫోనులో ఇప్పుడేమీ లేదని నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. అయినా రోజూ అంటాను. ఆయన వెనక్కి వచ్చి ఫోను టీవీ దగ్గర పెట్టి వెళతారు. ఒకరోజు గేటు తీస్తూ, "ఇవాళ మబ్బుగా ఉంది, పోనీ దింపనా?" అన్నారు. నేను హెల్మెట్టు బకిలు పెట్టుకున్నాను. వంతెన మీదికి వెళ్లేసరికి వాన మొదలైంది. తడుస్తూనే కాసేపు ఆగాను.

కాబట్టి ఎవరైనా నిజంగా అడిగితే ఆఖరిగా ఈ మాట కూడా చెబుతున్నాను. ఆ గేరు పెట్టిన ఖరీదుకి తగిందేనండీ, కొనుక్కోండి, షాపులో నంబరు మాత్రం మీదే ఇవ్వండి. మగవాళ్లు దీనికి నవ్వి ఊరుకుంటారు. ఆడవాళ్లు నవ్వరు.

ఇంట్లో ప్రార్థన మానలేదు. కూడిక అయిన మర్నాడు సాయంత్రం, బైబిల్ మూసి, ఆయన అలవాటుగా గొంతు సవరించుకున్నారు. మాట రాలేదు. "ఇకనుంచి నువ్వే చెయ్యి" అన్నారు. అప్పటినుంచీ నేనే చేస్తున్నాను, బిగ్గరగా, ఆయన చేసినట్టే పేరుపేరునా. పిల్లలూ, చుట్టాలూ, సంఘంలో జబ్బుపడినవాళ్లూ అయ్యాక చివర్లో ఆయన కోసం చేస్తాను. "ప్రభువా, నీ దాసుడు ఖాళీగా ఉన్నాడు. పొద్దున లేచి ఎక్కడికి పోవాలో ఆయనకి తెలియడం లేదు. ఆయనకి ఏదైనా ఒక పని చూపించు తండ్రీ" అంటాను. గొంతు వణికించడం నాకూ వచ్చు. రోజూ ఇదే మాట, ఒక్క ముక్క మార్చను. ఆయన చేతులు జోడించుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, చివరిదాకా వింటారు. ఆమెన్ మాత్రం అనరు.